ఒద్దిక ఒప్పుకోని వరస

పిలుపు ఉత్తరం కొస నుంచి బయలుదేరింది. "అక్కా, వచ్చాను" అని ఒక గొంతు. "రా తమ్ముడూ" అని పక్క గొంతు. ఆ అక్క తన అవతలి మనిషి వైపు తిరిగి "అన్నయ్యా, వచ్చాను" అంది. సముద్రంలోంచి నాచు తాళ్ళు కప్పీల మీదుగా పైకి లేస్తున్నాయి, నీళ్ళు ఓడుతున్నాయి, ఆ చప్పుడు మీదుగా పిలుపు మనిషి నుంచి మనిషికి పాకుతూ వస్తోంది. మూడో బారు మొత్తం పిలుచుకున్నాకే కత్తులకు కరెంటు వస్తుంది. అంతవరకు చేతులు ఖాళీ.

నూకరత్నం బారు వెంట నడుస్తూ వింటోంది. ఒకచోట నిలబడడం ఆవిడకు చేతకాదు. నిలబడితే అరికాళ్ళలో ఏదో పాకినట్టుంటుంది. నడుస్తూనే ఒకరి భుజం తట్టింది, ఒకరి తలగుడ్డ సర్దింది, ఇంకొకరిని "నిన్నటి దగ్గు తగ్గిందా" అని అడిగింది. దగ్గు సంగతి చెవి దిద్దులోంచి ఒద్దిక చెప్పింది, దిబ్బ మీద అందరి లెక్కా చూసే యంత్రం అది. తలగుడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆవిడకే తోచింది.

"చెల్లీ, వచ్చాను" అన్నాడు సింహాద్రి, తాడు వంకే చూస్తూ.

జవాబు రాలేదు. లిఖిత నోరు తెరిచింది, మూసింది, చేతి తొడుగు సరిచేసుకుంది. సింహాద్రి మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆ అమ్మాయి "ఊ" అంది. కత్తులకు ఊ సరిపోదు. బారంతా తలలు తిప్పి చూసింది. చివరికి లిఖిత పక్కనున్న బంగారి, "వచ్చాడులే మన అన్నయ్య, వచ్చాడు" అని తన గొంతు అరువిచ్చింది. కత్తులు గుర్రుమన్నాయి.

"పిలుపు లిఖిత దగ్గర తెగింది" అంది ఒద్దిక దిద్దులో. "కొద్ది రోజులుగా అక్కడే తెగుతోంది. ఇవాళ పని మానేస్తానని విడుపు పలక మీద వేలు పెట్టింది. మధ్యాహ్నం ఒడ్డుకు వెళ్ళే పంటులో చోటు అడిగింది. ఆమెను ఉంచండి."

నూకరత్నం పని అదే. మనుషుల్ని ఉంచడం.

నాచుదిబ్బ తీరానికి కనిపించనంత దూరంలో తేలుతుంటుంది. ఊళ్ళలో జనం కట్టే బట్ట, రాసే కాగితం, మింగే మందుబిళ్ళ మీది తొడుగు, అంతా ఆ నాచులోంచే. పని మరీ కష్టమైంది కాదు గానీ, చేతికి రావడానికి ఏడాది పడుతుంది. ముదురు తీగకూ లేత తీగకూ తేడా వేళ్ళకు తెలియాలి. అది యంత్రాలకు పట్టుబడలేదు. మనిషికి పట్టుబడగానే మనిషి పక్క దిబ్బకు జారిపోయేవాడు. ఆ జారుడు ఆపడానికి వెనక ఎన్ని చేశారో! జీతం పెంచారు. పెరిగిన జీతంతో నాలుగు రోజులు సంతోషంగా ఉండి, తరవాత జారారు. నెలకొకరి బొమ్మ గోడకు పెట్టారు. బొమ్మ పడినవాడితో మిగతావాళ్ళు మాటలు మానేస్తే, పాపం, వాడే ముందు జారాడు. పళ్ళబుట్టలిచ్చారు, వీపు నొక్కే కుర్చీలిచ్చారు, పొద్దున్నే నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. 'మనమంతా ఒకే కుటుంబం' అని పలకలు రాయించి తగిలించారు. అలిగిన రోజు అన్నానికి పిలిచేవాళ్ళు లేకుండా కుటుంబమేమిటని ఎవరో ఆ పలక కిందే బొగ్గుతో రాసిపెట్టారు.

ఆ రోజుల్లో ఒక్క మూడో బారులో మాత్రం ఎవరూ కదల్లేదు. ఎందుకా అని ఒద్దిక ఆరా తీస్తే తేలింది ఒకటే. అక్కడ ఒక ముసలావిడ వచ్చినవాళ్ళందరితో వరస కలిపేసుకుంటోంది. అందరికీ పిన్ని. మనిషి పనిని వదలగలడు, పిన్నిని వదలాలంటే మొహమాటపడతాడు. ఆ మొహమాటాన్ని కొలిచారు. కొలిచి, దానికి పోగు అని పేరుపెట్టి, ప్రతి బారుకూ ఒక పిన్నిని జీతానికి పెట్టుకున్నారు. వాళ్ళే నిలుపరులు. అత్తలున్నచోట మాటకు మాట పెరుగుతుందనీ, వదినలున్నచోట ఎత్తిపొడుపులు ఎక్కువనీ, బావలున్నచోట నవ్వులాటల్లో పని ఆగిపోతుందనీ ఒద్దిక లెక్క వేసి, వాటన్నిటినీ ఒరిపిడి వరసలని తీసేసింది. అక్క, అన్న, తమ్ముడు, చెల్లి. వాళ్ళ మీద ఒక పిన్ని. అంతే.

సముద్రం తన వీధిని మింగేశాక నూకరత్నం ఆ ముసలావిడ చోటికి వచ్చింది. వచ్చినప్పటినుంచి మూడో బారులో ఒక్క పోగూ తెగలేదు.

లిఖిత కడుగు తొట్టి దగ్గర వంగి ఉంది. నూకరత్నం వెళ్ళి పక్కన చేరింది.

"ఏంటే, నన్ను చూసి అటు తిరుగుతున్నావ్? నీళ్ళలో నా మొహం కన్నా అందమైనదేముంది?"

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకుండానే పంటెక్కుతావా?"

తొట్టిలో చేతులు ఆగాయి. "నీకు తెలిసిపోయిందా?"

"నాకు కాదు, దీనికి." దిద్దును గోటితో తట్టింది. "కిటికీ పక్క మంచం ఇస్తానంటాది. తీసుకుంటావా?"

"వద్దు."

"తడి పని లేకుండా, ఆరబెట్టే అటక మీదికి మారుస్తానంటాది."

"వద్దు పిన్నీ."

"నీకిష్టమని వారానికోసారి పనసపొట్టు కూర చేయిస్తానంటాది. నువ్వెప్పుడు చెప్పావే దీంతో, పనసపొట్టు ఇష్టమని?"

అమ్మాయి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. తడి చేతులతోనే మొహం తుడుచుకుంది, నాచు మరక చెంప మీద మిగిలింది.

"రోజూ పొద్దున్నే ఆ మనిషిని అన్నయ్యా అనాలి పిన్నీ. నావల్ల కావట్లేదు."

నూకరత్నం తలెత్తి బారు వైపు చూసింది. సింహాద్రి భుజాలు వంచి తీగలు ఒలుస్తున్నాడు. మామూలుగా ఒలిచే మనిషి అంత వంగక్కర్లేదు.

"వాడికి తెలుసా?"

"తెలుసు. అందుకే తాడు వంకే చూస్తాడు."

"ఇద్దరూ మాట్లాడుకున్నారా?"

"ఏమని మాట్లాడతాం? నోరెలా వస్తాది? నువ్వు తనకీ పిన్నివి, నాకూ పిన్నివి. ఒక తల్లి పిల్లల్లెక్క. ఏడాది పాటు అందరి ముందూ అన్నయ్యా అన్నయ్యా అని పిలిచి, ఇప్పుడేమో..."

"పెట్టుడు వరసేగా, పిచ్చిదానా."

లిఖిత సూటిగా చూసింది. "అయితే నువ్వూ పెట్టుడు పిన్నివేనా?"

నూకరత్నం ఆ చెంప మీది నాచు మరక కొంగుతో తుడిచింది. ఈ పిల్లకు జ్వరం వచ్చినప్పుడు బిళ్ళ వేసి కాసేపు కూర్చోమని ఒద్దిక చెప్పింది. ఆవిడ జ్వరం దిగేదాకా కూర్చుంది. ఆ మిగతా సేపు ఎవరి ఖాతాలోదో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంతలో వెనక నుంచి బంగారి వచ్చింది. బారులో గడుసుది, ఇద్దరు పిల్లల తల్లి, సింహాద్రి కన్నా ఒక ఏడు చిన్నది. చెవులు మాత్రం అందరికన్నా పెద్దవి.

"అదేం మాట పిన్నీ! పెట్టుడైనా పుట్టుడైనా వరసంటే వరసే. అన్నయ్యని పట్టుకుని... ఛీ, వింటేనే ఒళ్ళు జలదరిస్తాంది. నా చెవిన పడ్డాది కాబట్టి సరిపోయింది. ఇంకోళ్ళు వింటే ఈ పిల్ల మళ్ళీ తలెత్తుకుంటాదా?"

"అందుకే వెళ్ళిపోతున్నాను బంగారక్కా" అంది లిఖిత నేల చూస్తూ.

పంటెక్కిన మనిషికి దిబ్బ మళ్ళీ గేటు తీయదు. సింహాద్రికి ఒడంబడిక ఇంకా తీరలేదు, తీరేదాకా దిగడానికి లేదు. ఈ మధ్యాహ్నం పంటు కదిలిందంటే ఆ ఇద్దరూ ఒకరికొకరు దక్కనట్టే. నూకరత్నం గబగబా మెట్లెక్కి అద్దాల గదికి వెళ్ళింది.

అక్కడ ప్రణవ్ ఉంటాడు. ఈ పక్క బారులన్నీ చూసుకునే కుర్రాడు, నిలకడ తగ్గితే పైవాళ్ళతో ముందు మాటపడేదీ అతనే. గోడ నిండా మనిషికొక చుక్క, చుక్కల మధ్య వెలిగే పోగులు. లిఖిత చుక్క దగ్గర ఒక పోగు వణుకుతోంది.

"పిన్నిగారూ, రండి. ఆగుతానందా?"

"ఆగదు బాబూ. వరస మార్చాలి."

"ఎవరిది?"

"నాది. సింహాద్రికి నేను పిన్నిని కాదు, మేనత్తనని పెట్టించండి. ఆ పిల్లకి పిన్నిగానే ఉంటాను. అప్పుడు వాళ్ళిద్దరూ బావామరదళ్ళవుతారు. చిక్కు విడిపోతాది."

ప్రణవ్ టీ కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. విడమరచి చెప్పే పని పడలేదు. అతని అమ్మానాన్నలదీ మేనరికమే.

"అయ్యో" అన్నాడు మెల్లగా. "అందరినీ ఒకే పిన్ని పిల్లల్ని చేస్తే ఇక్కడ ఎవరికీ పెళ్ళి కుదరదు కదండీ. ఇది ఎవరికీ తట్టలేదా?"

"తట్టే ఉంటాది. ఎవరడగాలి?"

అతను ఒద్దికను అడిగాడు. గోడ వెంటనే జవాబిచ్చింది. మేనత్త ఒరిపిడి వరస. ఒక్క పోగు రకం మారితే దానికి ముడిపడ్డ పోగులన్నీ మారతాయి. కుదరదు. కావాలంటే సింహాద్రిని దక్షిణం బారుకు మార్చవచ్చు.

"అదీ మంచిదే కదా" అన్నాడు ప్రణవ్, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "కళ్ళ ముందు లేకపోతే పిలవక్కర్లేదు."

"కళ్ళ ముందు లేకపోతే ఆ పిల్ల ఇక్కడ ఎందుకుంటాది బాబూ?"

"ఉండాలి పిన్నిగారూ. ఎందుకన్నది నన్నడగొద్దు. ఇంకొకరు జారితే నన్నే పంటెక్కిస్తారు."

అప్పుడు దిద్దు పలికింది. "ఇంకో దారి ఉంది. అన్నాచెల్లెళ్ళ మధ్య ఇలాంటి ఊహ తప్పని ఆమెకు చెప్పండి. తల్లి బతికుంటే ఏమనేదో అడగండి. ఈ సంగతి బారులో ఎవరికీ చెప్పనని మాటివ్వండి. సిగ్గుపడ్డ మనిషి, తన సిగ్గు దాచిపెట్టినవారిని వదిలి వెళ్ళదు. సిగ్గు మీద నిలిచిన పోగు చాలా కాలం ఉంటుంది."

గొంతు మెత్తగానే ఉంది. పనసపొట్టు కూర సంగతి చెప్పింది కూడా ఈ గొంతే.

నూకరత్నం కిందికి దిగింది. బారు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది, మళ్ళీ తిరిగి నడిచింది. "ఏంటి పిన్నీ, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అని ఎవరో నవ్వారు. ఆవిడ వినిపించుకోలేదు. ఇన్నాళ్ళూ తను చెప్పిన ఊరడింపుల్లో ఏవి తనవో, ఏవి దిద్దువో విడదీయబోయింది. ఉప్పూ నీళ్ళూ విడదీసినట్టుంది. వీళ్ళలో ఎంతమంది ఇష్టంగా ఉన్నారు, ఎంతమంది సిగ్గుకో భయానికో ఉండిపోయారు? తల నిమిరిన చెయ్యి తనదే. ఎందుకు నిమరమన్నారో ఎప్పుడైనా అడిగిందా?

అన్నాల వేళకు పంటు వచ్చి ఆనింది. తినకుండా మనిషిని పంపే ఆనవాయితీ దిబ్బ మీద కూడా లేదు. లిఖిత సంచీ పక్కన పెట్టుకుని కొసన కూర్చుంది. ఎందుకు వెళ్తోందో తెలిసింది ముగ్గురికే. వెళ్తోందన్నది మాత్రం సంచీ అందరికీ చెప్పేసింది. సింహాద్రి కంచంలో అన్నం అలాగే ఉంది.

వడ్డన నూకరత్నానిదే. కవళ్ళ చేపల పులుసు గిన్నె చంకన పెట్టుకుని ఒక్కొక్కరికీ వేస్తూ వచ్చింది. "చెప్పారా?" అని ఒద్దిక అడిగింది. "చెప్పే సమయం దాటిపోతోంది."

సింహాద్రి దగ్గర గరిటె ఆపింది.

"ఏరా మేనల్లుడా, పులుసు వేయనా?"

నములుతున్న నోళ్ళు ఆగాయి. "వరస తప్పింది" అంది ఒద్దిక. "సరిచేయండి."

"నిన్నేరా! మీ నాన్న నాకు అన్న. అన్న కొడుకువి. మేనత్త చేతి పులుసు వద్దంటావా?"

సింహాద్రి బిత్తరపోయాడు. "మా నాన్న నీకు అన్నెలా..."

"నాకూ ఇందాకే తెలిసింది. కంచం జరుపు."

"వరస తప్పింది. సరిచేయండి."

బంగారి లేచి నిలబడింది. "అదేంటి పిన్నీ! పొద్దున్నదాకా పిన్నివి, మజ్జాన్నానికి అత్తవా? వరసలేమన్నా తలగుడ్డలా, తడిస్తే మార్చుకోడానికి?"

"నాకు ఈ పిన్నితనం ఎవరిచ్చారే, బంగారీ?"

"ఎవరిచ్చారంటే..."

"జీతం ఇచ్చినోళ్ళు ఇచ్చారు. పుచ్చుకున్నాను. మీ అందరికీ చేశాను. అది జీతంలోంచి ఎప్పుడు బయటికొచ్చేసిందో నాకే తెలీదు. ఈ అత్తతనం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకుంటున్నాను. ఈ పిల్లకీ వీడికీ పెళ్ళి చెయ్యాలి, అందుకు తీసుకుంటున్నాను. కాదనేవాళ్ళు నా మొహం మీద కాదనండి. తరవాత తొట్ల దగ్గర గుసగుసలాడితే మటుకు ఊరుకోను."

మాట బయటపడిపోయింది. లిఖిత సంచీ పట్టుకుని సగం లేచి ఆగిపోయింది. బారంతా బంగారి వైపు చూసింది. ఈ బారులో ఏది బాగుందో ఏది బాగులేదో ముందు చెప్పేది ఆవిడ నోరే.

బంగారి వేళ్ళు మడుస్తోంది. "ఉండు, ఉండు. నువ్వు నాకు పిన్నివి. అంటే మా అమ్మ నీకు అక్క. వీడి నాన్న నీకు అన్న. అంటే మా అమ్మకీ తోడబుట్టినవాడే. అంటే వీడు నాకు..."

సింహాద్రి మొహంలోకి చూసింది. పొద్దున తన గొంతు అరువిచ్చి రప్పించిన అన్నయ్య. బంగారి పెదాలు బిగపట్టుకుంది. బిగపట్టలేకపోయింది.

"బావ!"

కొసన ఎవరికో పొలమారింది. బంగారి చెంబులో నీళ్ళు దోసిట్లోకి తీసి సింహాద్రి నెత్తిన కొట్టింది. "ఏడాది నుంచి ఈ తలకట్టు చూస్తున్నాను. అంట్లు తోముకునే పీచులా ఉందని అందామంటే అన్నయ్యవైపోయావ్! ఎన్ని మాటలు కడుపులో దాచుకున్నానో నీకేం తెలుసు బావా!"

ఇంక ఆగలేదు. "ఒరేయ్ బావా, ఆ ఉప్పిలా తోయ్" అన్నాడొకడు. "కట్నం కింద నీ కత్తి నాకిచ్చెయ్, బావా" అన్నాడు ఇంకొకడు. పొద్దున అందరికీ అన్నో తమ్ముడో అయిన మనిషి అన్నం కంచం ముందు అందరికీ బావైపోయాడు. అతను తల తుడుచుకుంటూ, నవ్వాలో ఏడవాలో తెలియక, పొంగి పొర్లుతున్న కంచం వంక చూసి, "పులుసు చాలత్తా" అన్నాడు.

పైన గోడ మీద సింహాద్రి చుక్క నుంచి సాగిన తోబుట్టువు పోగులన్నీ ఒక్కసారిగా తెగాయి. పోగు తెగడమంటే ఒద్దికకు ఒకటే అర్థం. గంట మోగింది. బారు మీది గొట్టాలన్నీ మెత్తని గొంతుతో అరవడం మొదలుపెట్టాయి. "మూడో బారు వెళ్ళవద్దు. మూడో బారుకు జీతం పెంపు. అందరికీ కిటికీ పక్క మంచం." దిబ్బ మీద అన్ని కిటికీలు లేవన్నది దానికి ఆ తొందరలో గుర్తు రాలేదు. గొట్టం పలికినప్పుడల్లా జనం ఇంకా నవ్వుతున్నారు, నవ్వినకొద్దీ అది ఇంకా ఏదో ఇస్తానంటోంది.

ప్రణవ్ మెట్ల మీద తూలుకుంటూ దిగాడు. "ఏం చేశారండీ! బారు మొత్తం జారిపోతోందని చూపిస్తోంది!"

"జారేవాళ్ళు ఇలా తింటారా బాబూ? చూడండి, రెండోసారి అన్నం అడుగుతున్నారు."

పంటు కూత వేసింది. లిఖిత సంచీ భుజాన వేసుకుంది. నవ్వులు సన్నగిల్లాయి. సింహాద్రి లేచి నిలబడ్డాడు, ఎంగిలి చెయ్యి అలాగే ఉంది. ఆ అమ్మాయి అతని వైపు చూడలేదు. పంటు వైపు నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగి నేరుగా నూకరత్నం దగ్గరికి వచ్చి సంచీ ఆవిడ కాళ్ళ దగ్గర పడేసింది.

"పిన్నీ, కాస్త అడ్డం నిలబడవే. అందరూ నన్నే చూస్తున్నారు" అని ఆవిడ వెనక నక్కి కూర్చుంది.

నూకరత్నం నిలబడింది. పంటు విడిచి వెళ్ళేదాకా కదలకుండా నిలబడింది.

"లిఖిత ఉండిపోయింది" అంది ఒద్దిక, దిద్దులోనూ ప్రణవ్ మణికట్టు పట్టీలోనూ ఒకేసారి. "ఇవ్వచూపినవేవీ తీసుకోలేదు. కారణం అందలేదు. కారణం తెలియని నిలకడ జారుడుతో సమానం. కారణం చెప్పండి. కారణం చెప్పండి."

ప్రణవ్ నుదురు తుడుచుకున్నాడు. "ఏం చెప్పమంటారు, పిన్ని..." అని ఆగిపోయాడు. ఇప్పుడు ఆవిడను ఏమని పిలవాలో అతనికి తోచలేదు.

"పెళ్ళి అని చెప్పండి బాబూ. భోజనాలు కంపెనీవేనని కూడా చెప్పండి."

నాలుగో బారులో ఎవరో తొట్టి మీదికెక్కి, "అమ్మా, మాకూ ఒక అత్తను చూసిపెట్టరూ!" అని కేకేశారు. దాని వెనక ఇంకో బారు నుంచి ఇంకో కేక లేచింది. కప్పీలు ఆగలేదు. తాళ్ళు పైకి వస్తూనే ఉన్నాయి, ఒలిచే చెయ్యి లేక, తెచ్చిన నాచునంతా ఒక చుట్టు తిప్పి మళ్ళీ సముద్రంలోకే దింపుతున్నాయి.